క్లిఫర్డ్ మడిలో కుందేలు

మా ఆయన రాల్ఫ్ ముప్పై ఏళ్లు ఇంగ్లండ్‌లోని డరమ్‌లో బస్సు నడిపాడు. అన్నేళ్లూ సాయంత్రాలు రైతు క్లిఫర్డ్ పొలంలో కుందేళ్లు కొట్టాడు. దానికి కాగితం లేదు, నోటిమాట మీద అనుమతి. రిటైరైన రోజు ఈల వేసుకుంటూ ఇంటికొచ్చిన మనిషి, ఆ పొలం లేకపోతే మాత్రం వారం బతకడు.

అదే పోయేలా ఉంది. ఎవరిది లావో తేల్చే ఊరి క్లబ్బు పోటీకని క్లిఫర్డ్ పెంచుతున్న లీకు ఉల్లి, అంటే పొడుగు కాడల ఉల్లి, ఒక్కోటి నా చెయ్యంత లావు, మూడు వారాలుగా ఒక్కొక్కటే మాయమవుతోంది.

"కుందేళ్లు తినేస్తున్నాయి, నీ కళ్లు పోయాయిరా రాల్ఫ్. శనివారం పోటీలోపు ఇంకొక్కటి పోయిందో, ఇంకొకణ్ణి పెట్టుకుంటా" అన్నాడట క్లిఫర్డ్. ఈ బెదిరింపు రాల్ఫ్ నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే గొడవే లేదు.

చెప్పకుండా వెళ్లి చీకట్లో చూపించే నైట్ విజన్ కొన్నాడు. పాత ఎయిర్‌గన్ స్కోపుకి వెనక తగిలించే చిన్న కెమెరా, దానికో బుల్లి తెర. హాల్లో దీపాలార్పి, కెమెరా ఒక్కటే చేత్తో పట్టుకుని నన్ను చూశాడు.

"మేవిస్, నీ కళ్లు భలే మెరుస్తున్నాయే" అన్నాడు. నలభై ఏళ్ల కాపురంలో నా కళ్లను మెచ్చుకోవడం అదే మొదలు.

తుపాకీ దగ్గర మాత్రం మహా చాదస్తుడు. ముందు దాన్ని పక్కన పెట్టి, కెమెరాతో చూసి, అది కుందేలే అని రూఢి అయ్యాకే స్కోపుకి తగిలిస్తాడు. గురువారం రాత్రి కూడా కంచె పక్కన కూర్చుని అలాగే చూశాడు. తెర వెలుతురు తన మొహం మీదే పడుతుందని ఆ మహానుభావుడికి తట్టలేదు. మడిలోంచి చూస్తే కంచెలో మొండెం లేని తలకాయ ఒకటి వెలుగుతోంది.

మడిలోంచి చూసింది నేనే. పక్కన కత్తితో క్లిఫర్డ్ భార్య హిల్డా. మొగుడు ఆ ఉల్లికి బీరు పోస్తాడు, చలికి దుప్పటి కప్పుతాడు, వంటకు మాత్రం ఒక్కటీ ఇవ్వడు. ఆమె కడుపు మండింది, నేను బుట్ట పట్టాను. మూడు వారాలుగా రాల్ఫ్ మా ఇంట్లో తింటున్న కూర అదే.

రాల్ఫ్ ఇంటికొచ్చాడు. తుపాకీ బీరువాలో పెట్టి, తాళం వేసి, అటు తిరిగి పడుకున్నాడు.

తెల్లారేసరికి క్లిఫర్డ్ మా గుమ్మంలో ఉన్నాడు.

"ఇంకోటి పోయింది. కుందేల్ని చూశావా?"

"చూశా."

"మరి?"

"గురి తప్పింది."

చచ్చినా గురి తప్పిందని ఒప్పుకోని మనిషి ఆ మాటన్నాడు.

"అయితే ఇక రావొద్దులే రాల్ఫ్. ముందే చెప్పాగా" అన్నాడు క్లిఫర్డ్. రాల్ఫ్ తలూపాడు. అప్పుడు తెలిసింది నాకు, నేను ఎవరి నోటి దగ్గర కూడు తీశానో. సిగ్గుతో చచ్చిపోయాను.

"కుందేలూ లేదు, గాడిదగుడ్డూ లేదు. కోసుకెళ్లింది నేను" అన్నాను. హిల్డా పేరు మింగేశాను.

క్లిఫర్డ్ గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేశాడు. గొంతు తగ్గించి, "ఎలా ఉన్నాయి?" అన్నాడు. పాపం, తనూ ఎన్నడూ రుచి చూడలేదు.

"పీచు, క్లిఫర్డ్. నమల్లేక దవడలు పడిపోయాయి."

దొంగతనం క్షమించాడు. ఆ మాటను ఇప్పటికీ క్షమించలేదు. పొలం రాల్ఫ్‌కే ఉంచాడు గానీ ఒక షరతు పెట్టాడు. శనివారం పోటీ దాకా రాత్రంతా ఆ కెమెరాతో మడి దగ్గరే కాపలా ఉండాలి, కుందేళ్లు రాకుండా కాదు, నేను రాకుండా.