బరువులేని మోకు

బచ్చన్నపేట సోమనర్సయ్య కల్లు కోసం తాటిచెట్లు గీసేవాడు. యోగులు గుహల్లో ఏళ్ల తరబడి కూర్చుని సాధించారని గ్రంథాలు చెప్పే విద్య అతనికి మధ్యాహ్నం పూట ఈతచాప మీదే పట్టుబడింది. కళ్లు మూసుకుని, మనసులోనే నడుమును చెట్టుకు పట్టి ఉంచే మోకు బిగించి తాటిచెట్టెక్కేవాడు. ఒళ్లు నిద్రలోకి జారేది, ఎరుక మాత్రం తప్పేది కాదు. చెట్టు కొసకు చేరేసరికి నేరుగా కలలో ఉండేవాడు, అది కలేనని తెలిసి. అప్పుడు మోకు విప్పేసి చెరువు మీదుగా కొంగలా తేలిపోయేవాడు.

"ఏదో ఒకనాడు నిజం చెట్టు మీద గూడ గట్లనే విప్పుతవ్, సూడు," అనేది భార్య చిలుకమ్మ.

"పిచ్చిదానా, కలల మోకుకు బరువుండదే. గంత తెల్వదా నాకు?"

2011 మార్చిలో రైల్ రోకో. తెలంగాణ కోసం జనగామ పట్టాల మీద రెండు దినాలు కునుకు లేకుండా కూర్చుని, ఇంటికొచ్చిన మధ్యాహ్నమే కల్లు దించడానికి చెట్టెక్కాడు. కొసన గాలి చల్లగా తగిలింది. ఒళ్లంతా తిమ్మిరి. నడుము మీద మోకు ఉన్నట్టే లేదు.

"ఏమయ్యో, జర దిగు! నిద్ర కండ్లతోని ఎందుకెక్కినవ్?" కింద నుంచి చిలుకమ్మ అరిచింది.

కలలోనూ ఇది ఇట్లాగే అరుస్తుంది కదా అని నవ్వుకున్నాడు సోమనర్సయ్య. చెరువు మీద కొంగలు లేస్తున్నాయి. అతని వేళ్లు మోకు ముడిని వెతుక్కున్నాయి.