స్ప్రింగులు కోసింది నేనే

ఎనభైలలో ఆదోనిలో నాకు చిన్న మెకానిక్ షెడ్డు ఉండేది. చదివింది ఏడో తరగతి, నోరు మాత్రం పెద్దది. నా స్నేహితుడు మస్తాన్ ఎమ్మిగనూరుకు ఫియట్ కారు బాడుగకు తిప్పేవాడు. వెనక సీట్లో ఆరుగురిని కుక్కేసరికి కారు ముందు భాగం ఆకాశంకేసి లేచేది.

“ఏం మస్తానూ, వానొస్తాదేమోనని నీ కారు మొగులుకల్లా సూస్తాండాదా?” అని నలుగురిలో ఎగతాళి చేసేవాణ్ణి.

“నవ్వింది సాలు గానీ, దించప్పా దాన్ని” అన్నాడొకరోజు. ముందు చక్రాల స్ప్రింగులు ఒక్కో చుట్టు కోసేశాను. కారు చదునుగా నిలబడింది. ఇద్దరం మురిసిపోయాం.

రెండు నెలలకే ముందు షాక్ అబ్జార్బర్లు నూనె కారాయి. కొత్తవి వేస్తే అవీ అంతే. విప్పి చూస్తే నాకు అర్థమైంది. స్ప్రింగు పొట్టిదైతే షాక్ అబ్జార్బర్లు ఎప్పుడూ సగం అణిగే ఉంటాయి, ప్రతి గుంతకూ అడుగుదాకా అణిగి చితికిపోతాయి.

మస్తాన్ మాత్రం నన్ను వెంటబెట్టుకుని పోయి, అవి అమ్మిన ముసలాయన చొక్కా పట్టుకున్నాడు. “నకిలీ సరుకిస్తావా?”

“మంచిదే ఇచ్చినా. నువ్వన్నా సెప్పు నాయనా” అని ముసలాయన నావైపు తిరిగాడు.

“నూనె కారే సరుకు నీకాడ తప్ప యాడ దొరుకుతాది తాతా!” అన్నాను. అంగట్లో అందరూ నవ్వారు.

వారానికే, చితికిన షాక్ అబ్జార్బర్లతోనే మస్తాన్ ఖాళీగా తోలుకొస్తున్న ఆ కారు గుంతలో ఎగిరి, అదుపు తప్పి తుమ్మచెట్టుకు గుద్దుకుంది. ఆసుపత్రిలో మస్తాన్ కాలు తీసేశారు.

“ఆ ముసలోడే నా కాలు తీసినాడప్పా” అన్నాడు.

అవునన్నాను. ముసలాయన ఆ నిందతోనే పోయాడు. మస్తాన్‌కు నిజం ఈ పేజీలోనే మొదటిసారి చెబుతున్నాను.