గడియ పడని తలుపు

ఆమదాలవలస స్టేషను రోడ్డులో జగన్నాధం నెట్ సెంటరుకు ఒక మూల గాజు గది ఉంది. ఒకప్పటి ఎస్టీడీ బూత్. ఫోను పోయి కంప్యూటరు వచ్చింది. తలుపు మాత్రం అదే. దానికి ఆనాడూ గడియ పడేది కాదు.

ఆ సాయంత్రం దేవి అందులో కూర్చుంది. నర్సింగు కాలేజీలు ఎంచుకోవడానికి అదే ఆఖరు రోజు. తల్లి మరిడమ్మ ఎండుచేపల గంప దించుకుని బయట అరుగు మీద ఉంది.

"ఆగే, పాస్‌వర్డు కొట్టకు," అన్నాడు జగన్నాధం. తెర మీద అడ్రసు పక్కన 'సురక్షితం కాదు' అని ఉంది.

"ఏటి మావా! టైమైపోతన్నాది. లింకు నా నేస్తం యమున పంపినాది."

"ఎవులు పంపితే ఏటి? తాళం బొమ్మ నేని పేజీలో నువ్వు కొట్టిందల్లా దారిలో ఎవుడైనా సదివీగలడు. ఈ వైఫై మీద ఎంతమందున్నారో సూడు. రేపు నీ కాలేజీ మార్సీసినాడనుకో, సీటు పోతాది."

దేవి చేతులు వెనక్కి తీసుకుంది.

దేవి పుట్టకముందు అదే గదిలో నిలబడి మరిడమ్మ ఫోనులో అరవడం జగన్నాధానికి గుర్తొచ్చింది. ఆమె మొగుడు ఎల్లాజీ అప్పుడు గుజరాత్‌లో బోటు పనికి పోయాడు. నెల తప్పానని అతనికి చెప్పి ఆమె తలుపు తోసుకుని వచ్చేసరికి, వరసలో ఉన్నవాళ్లంతా నవ్వుతున్నారు. టీకొట్టు లక్ష్మణమ్మ పరుగున వచ్చి నోట్లో పంచదార పోసింది. దేవి కడుపున పడ్డ సంగతి అత్తవారింటికన్నా ముందు ఈ వీధికి తెలిసింది.

"మీయమ్మ మాటాడితే ఈదంతా ఇనీది," అన్నాడు.

"మాయమ్మ తలుపేసినా ఇనబడతాది మావా."

అతను నవ్వి, ఆ పేజీ మూశాడు. కౌన్సెలింగ్ వాళ్ల సొంత అడ్రసును, హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యేదాన్ని, తనే కొట్టాడు. చిన్న తాళం బొమ్మ వచ్చింది.

"ఇంక బయిం నేదా?"

"మద్దిలో ఎవుడూ సదవనేడు. అంతే. అవతలున్నోడు మంచోడని తాళం సెప్పదు. పేరు నువ్వే సూసుకోవాల."

దేవి అడ్రసులోని పేరును అక్షరం అక్షరం చదువుకుంది. జగన్నాధం బయటికి వచ్చి, తలుపు చేత్తో మూసిపట్టి వీధివైపు తిరిగాడు. సెంటరులో వరసగా కూర్చున్నవాళ్ల చెవుల్లో వైర్లు. ఎవరి మాట ఎవరికీ వినబడదు. ఒకప్పుడు ఇక్కడ ఎవరి ఇంట్లో జ్వరమో, ఎవరి బోటు ఒడ్డుకు చేరిందో తనకు తెలిసేది.

తలుపు లోపలినుంచి కదిలింది. చెయ్యి తీశాడు.

"అమ్మా! అయిపోనాది!" రోడ్డంతా మోగేలా అరిచింది దేవి.

"మెల్లగా సెప్పవే, అందరూ ఇంటన్నారు!"

"ఇననీ."

టీకొట్టులోంచి లక్ష్మణమ్మ తల బయటపెట్టింది.