పోయినసారికి థాంక్స్

“నలభై రెండు! నిన్న ముప్పై ఎనిమిదే. తోరున్, ఇది ఎక్కువ కాదూ? ఈ పిల్లకేమన్నా అయితే?”

యూస్టైన్ చేతిలో గడియారం పట్టుకుని, నిద్రపోతున్న ఎనిమిది నెలల కూతురి ఊపిరి లెక్కపెడుతున్నాడు. భార్య జవాబు చెప్పేలోగా తలుపు తెరుచుకుంది. ముందు గాలి, తర్వాత వాన, ఆ తర్వాత తడిసిన ఉన్ని వాసన లోపలికి వచ్చాయి, అన్నిటి వెనకాల రాగ్న అత్త వచ్చింది. పాప ఉలిక్కిపడి లేచింది.

“పోయినసారికి థాంక్స్, ఎయ్రిన్,” అంది ఆవిడ, తల్లిదండ్రుల వంక చూడనైనా చూడకుండా. “నా కళ్ళద్దాలు లాగి కాఫీలో పడేశావు కదా. కాఫీలో మునిగాక వాటికి మునుపటికంటే బాగా కనిపిస్తోందే తల్లీ!”

రాగ్న అత్తకి ఉన్న పిచ్చి అదొక్కటే. మళ్ళీ కలిసినప్పుడు, పోయినసారి కలిసినందుకు థాంక్స్ చెప్పుకోవడం వాళ్ళుండే ఆ దీవిలో అందరికీ అలవాటే. రెండు ముక్కలు అనేసి, తల ఊపి, వాన గురించి మాట్లాడుకుంటారు. రాగ్న అత్త అక్కడితో ఆగదు. పోయినసారి ఎప్పుడు, ఎక్కడ, దేనికి, ఎందుకు అన్నీ విడమరచి, నలుగురికీ వినిపించేలా చెబుతుంది. నలభై ఏళ్ళు పడవలో టికెట్లు కోసిన గొంతు అది. ఇంజను మోతను దాటి వినిపించాల్సిన గొంతుకి వంటగదిలో తగ్గడం ఎలా తెలుస్తుంది?

పళ్ళ డాక్టరు కనిపిస్తే, “పోయినసారికి థాంక్స్ డాక్టర్ గారూ! పన్ను ఎంత బాగా పీకారో! పక్కది కూడా భయపడి దానంతటదే ఊడిపోయింది.” పాస్టర్ గారు కనిపిస్తే, “పోయినసారికి థాంక్స్ పాస్టర్ గారూ! మీ ప్రసంగంలో నలభై నిమిషాలు హాయిగా నిద్రపట్టింది. మాత్ర వేసుకున్నా అంత పట్టలేదు.” సెప్టెంబరు తుఫాను కోళ్ళగూడు కప్పు ఎగరేసుకుపోతే, మరుసటి తుఫానుకి గుమ్మంలో నిలబడి గాలికే చెప్పింది: “పోయినసారికి థాంక్స్! ఆ కప్పు ఎప్పట్నుంచో కారుతోంది. మార్చడానికి బద్ధకించాను.”

చర్చిలో అయితే మరీ విడ్డూరం. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకుంటే, రెండో వరస బల్లలోంచి, “పోయినసారికి థాంక్స్ ప్రభువా,” అని వినిపిస్తుంది. దేవుడు కూడా ఈవిడ పడవలో ఎక్కి దిగినవాడే అన్నట్టు ఉంటుంది ఆ చనువు.

ఆవిడ ఎవరికీ అత్త కాదు. కానీ దీవిలో అందరూ అత్తా అనే పిలుస్తారు. అనకపోతే, పోయినసారి అన్నందుకు థాంక్స్ చెబుతుందని భయం.

యూస్టైన్‌ది చేపల పెంపకం దగ్గర ఉద్యోగం. వలల్లో ఈదే చేపలకి నీళ్ళలో ఆక్సిజన్ చాలుతోందో లేదో కొలవడం అతని పని. ఆగస్టులో నగరం ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎయ్రిన్ గుండె గదుల మధ్య గోడలో రంధ్రం ఉందని చెప్పినప్పట్నుంచి, అతను ఇంట్లో కూడా కొలతే పెట్టుకున్నాడు. అక్టోబరులో మళ్ళీ చూసి, రంధ్రం పెద్దదైతే ఆపరేషన్ అన్నారు.

ఆ వార్త తెలిశాక దీవి జనం ఆ ఇంటి వైపు రావడం మానేశారు. చెడ్డవాళ్ళు కాదు. ఏం అడగాలో తెలియనివాళ్ళు. పాపకెలా ఉందని అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని రోడ్డుకి అవతలి పక్క నడిచారు. యూస్టైన్ కూడా తెరలు దించేశాడు. ఆకులు రాలుతున్నాయి, వాన ఆగదు, పగలే దీపాలు పెట్టుకోవాలి. ఆ ఇంట్లో చప్పుడల్లా గడియారానిది.

వచ్చేది రాగ్న అత్త ఒక్కతే. రోజూ వచ్చేది. పాపకెలా ఉందని ఒక్కసారి కూడా అడగలేదు. పోయినసారికి థాంక్స్ చెప్పి, కాఫీ తాగి, మళ్ళీ రేపు చెప్పడానికి సరిపడా ఏదో ఒకటి జరిగేదాకా కూర్చుని వెళ్ళిపోయేది.

కానీ సెప్టెంబరు చివరికి ఆవిడ థాంక్స్ గాడి తప్పసాగాయి.

“తోరున్, రాగ్న అత్తకి మతి పోతోంది,” అన్నాడు యూస్టైన్ ఒకరోజు. “రేవు దగ్గర అందరి ముందూ, కట్టెలు చీల్చి పెట్టినందుకు థాంక్స్ అంది. నేను ఆవిడ కట్టెల కొట్టం వైపే వెళ్ళలేదు.”

“మరి నువ్వేం చేశావు?”

“ఏం చేస్తాను? వెళ్ళి చీల్చి వచ్చాను.”

తోరున్ నవ్వింది. ఆగస్టు తర్వాత ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. యూస్టైన్ కంగారుపడి పాప వైపు చూశాడు, లేచిందేమోనని.

ఆ గురువారమే గుమ్మంలో పెద్ద నీలం గిన్నె కనిపించింది. లోపల క్యాబేజీ వేసి ఉడికించిన గొర్రెమాంసం, పొగలు కక్కుతూ ఉంది. ఎవరు పెట్టారో తెలియదు. “పీతలు పట్టే అన్‌ఫిన్ అయ్యుంటాడు. పొద్దున చర్చి ముందు అతనికి థాంక్స్ చెప్పొచ్చాను,” అంది రాగ్న అత్త. అన్‌ఫిన్ ఒంటరివాడు, మాటలు తక్కువ. మరుసటి గురువారం అతనే చిన్న నల్ల గిన్నె పట్టుకుని, చెవులు ఎర్రబడగా గుమ్మంలో నిలబడ్డాడు. “ఉప్పు ఎక్కువైంది,” అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు. నిజంగానే ఎక్కువైంది. తర్వాత వడ్రంగి సిగ్వార్ట్ వచ్చి వాన కారుతున్న కిటికీ బిగించాడు. స్కూలు టీచరు రొట్టె తెచ్చింది. ఒకళ్ళ వెనక ఒకళ్ళు వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్ళెవరూ ఆ భయపెట్టే ప్రశ్న అడగలేదు. ‘పోయినసారికి థాంక్స్’ అని మొదలుపెడితే ఇక అడగాల్సిన పని ఏముంది?

అక్టోబరులో, పంట చేతికొచ్చినందుకు దేవుడికి థాంక్స్ చెప్పే కోతల పండుగ ఆదివారం వచ్చింది. బుధవారం ఆసుపత్రికి వెళ్ళాలి. బలిపీఠం ముందు బంగాళాదుంపలు, క్యారెట్లు, యాపిల్స్, ఎండుచేపలు పేర్చారు. యూస్టైన్ ఏమీ తీసుకెళ్ళలేదు. పాపని ఒళ్ళో పెట్టుకుని చివరి బల్ల మీద కూర్చున్నాడు. దేనికి కృతజ్ఞత చెప్పాలి? ఫలితం రాకుండా నివేదిక రాయడం అతనికి చేతకాదు.

ఎవరైనా రెండు మాటలు చెబుతారా అని పాస్టర్ గారు అడగడమే ఆలస్యం, రాగ్న అత్త లేచింది.

“పోయినసారికి థాంక్స్ ప్రభువా! మంగళవారం గాలికి నా గొడుగు తిరగబడింది. దాంట్లోనే యాపిల్స్ ఏరుకుని ఇంటికొచ్చాను. బుట్ట మర్చిపోయి వెళ్ళానని నీకెలా తెలిసిందో గాని!” అని, సంచిలోంచి ఒక టర్నిప్ దుంప తీసి అన్నిటి మధ్యా పెట్టింది. “ఇది యూస్టైన్ తరఫున. బుధవారానికి థాంక్స్.”

యూస్టైన్ లేచి నిలబడ్డాడు. “నేను చెప్పలేదు! బుధవారం ఇంకా రాలేదత్తా! నేను దేనికీ థాంక్స్ చెప్పలేదు!”

అందరూ అతని వైపు తిరిగారు. పైకప్పు మీద వాన మాత్రం తన పని తాను చేసుకుపోతోంది.

“ఇంకా రాలేదా?” అంది రాగ్న అత్త, నెమ్మదిగా. ఆవిడ అంత నెమ్మదిగా మాట్లాడడం ఎవరూ వినలేదు. “సరేలే. వచ్చేదాకా ఇది ఇక్కడే ఉంటుంది. టర్నిప్ తొందరగా పాడవదు.”

బుధవారం ఆసుపత్రిలో డాక్టరమ్మ పాప ఛాతీ మీద యంత్రం పెట్టి చాలాసేపు తెర వైపు చూసింది. యూస్టైన్ పాప ఊపిరి లెక్కపెట్టడం మర్చిపోయాడు. అసలు తను ఊపిరి తీసుకోవడమే మర్చిపోయాడు.

“రంధ్రం ఉంది. కానీ చిన్నదైంది. ఆపరేషన్ ఇప్పుడు అక్కర్లేదు. వసంతంలో మళ్ళీ రండి.”

“పూర్తిగా మూసుకుంటుందా? ఎంత శాతం?”

“చాలామందికి మూసుకుంటుంది. శాతాలు తర్వాత, ముందు పాపని ఎత్తుకోండి. ఏడుస్తోంది.”

గుమ్మం దాకా వెళ్ళి యూస్టైన్ వెనక్కి తిరిగాడు. “డాక్టర్ గారూ, పోయినసారికి థాంక్స్.”

“పోయినసారి మీరు తలుపు నా మొహం మీదే వేసి వెళ్ళారు.”

“అవునండీ. అప్పుడు చెప్పలేదు, అందుకే.”

ఇంటికొచ్చాక, అటక మీద ఉండిపోయిన నీలం గిన్నె కడిగి అన్‌ఫిన్ ఇంటికి పట్టుకెళ్ళాడు.

“ఇది నాది కాదు,” అన్నాడు అన్‌ఫిన్.

“అదేంటి? మొదటి గురువారం కూర పంపావుగా?”

“నేనెక్కడ పంపాను? నాకు చేప ఉడకెయ్యడం తప్ప ఏమొచ్చు? రాగ్న అత్త చర్చి ముందు అందరిలో పట్టుకుని, యూస్టైన్ వాళ్ళకి కూర పంపావు, పోయినసారికి థాంక్స్ అంది. కాదని ఎలా అంటాను? ఆ తర్వాతి వారం మా చెల్లెలికి ఫోన్ చేసి నేర్చుకుని వండాల్సొచ్చింది. సిగ్వార్ట్‌కీ అంతే. మీ కిటికీ బాగుచేసినందుకు థాంక్స్ చెప్పిందట. వాడికి కిటికీ పాడైన సంగతే తెలీదు. ముసలావిడకి మతిమరుపని ఎవరం ఎదురు చెప్పలేదు.”

యూస్టైన్ గిన్నె చంకన పెట్టుకుని చర్చి వైపు నడిచాడు. తను చీల్చిన కట్టెలు గుర్తొచ్చాయి. ఇంట్లో ముడుచుకు కూర్చున్న తనని బయటికి లాగిన పని అదొక్కటే.

రాగ్న అత్త చర్చి మెట్ల మీద తడి ఆకులు ఊడుస్తోంది.

“అత్తా, మీరు చర్చి ముందు నిలబడి అబద్ధం ఆడారు. అన్‌ఫిన్ కూర పంపలేదు.”

“తర్వాత పంపాడా, లేదా?”

“పంపాడు.”

“మరింకేం? థాంక్స్ ముందొచ్చింది, కూర వెనకొచ్చింది. వరస మారితే అబద్ధమైపోతుందా?”

“కారణం ముందు, ఫలితం తర్వాత ఉండాలత్తా. సైన్సు ఒప్పుకోదు.”

“సైన్సుకి కూడా పోయినసారికి థాంక్స్ చెప్పు. పాప గుండెలోకి తొంగి చూసి చెప్పింది. గిన్నె ఇటివ్వు. దీనికోసం వారాల తరబడి వెతుకుతున్నాను, ఎక్కడ పెట్టానో నిజంగానే మర్చిపోయా.”

యూస్టైన్ నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే, ఎవరికీ చెప్పని మాట చెప్పాడు. “నాకు ప్రార్థన చెయ్యడం రాదత్తా. అడగడం మొదలుపెట్టగానే భయం వచ్చేస్తుంది. వసంతం ఇంకా చాలా దూరం.”

రాగ్న అత్త చీపురు గోడకి ఆనించింది. లోపలికి వెళ్ళి, కాస్త మెత్తబడిన టర్నిప్ తెచ్చి అతని చేతిలో పెట్టింది.

“దేవుడి దగ్గరికి వెళ్ళగానే అడగడం మొదలుపెడితే భయమే వస్తుంది బాబూ. ముందు పోయినసారికి థాంక్స్ చెప్పు. పాప తుమ్మిందనో, వాన కాసేపు తెరిపిచ్చిందనో, ఏదో ఒకటి. అడిగేది తర్వాత అడుగు. రావడం రావడమే చెయ్యి చాపితే, ఈ అబ్బాయి ఎవరా అనుకోడూ ఆయన? ఇక ఇది కూరలో వేసుకోండి. ఉప్పు మాత్రం అన్‌ఫిన్‌ని అడక్కు.”

ఇప్పుడు యూస్టైన్ పొద్దున్నే తెర తీసి, బయటి బూడిదరంగు వానని చూస్తూ ముందు ఆ రెండు ముక్కలూ అంటాడు. అడగాల్సింది తర్వాత అడుగుతాడు. గడియారం ఆ తర్వాతే చేతిలోకి తీసుకుంటాడు. కొన్ని రోజులు తీసుకోవడం మర్చిపోతాడు కూడా.