ఆదివారం పొద్దున వచ్చే ఫోన్

మా జపనీస్ సార్ పోయారన్న కబురు గురువారం పొద్దున తెలిసింది. ఆ సమయానికి నేను ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్‌లో ఆరేళ్ళ పిల్లాడి గొంతుతో ఐస్‌క్రీమ్ కోసం మారాం చేస్తున్నాను. నాకు నలభై ఏడేళ్ళు. ఫోన్ బయట బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళాలి కాబట్టి, నాలుగు టేకుల ఏడుపు అయ్యాకే సార్ వాళ్ళమ్మాయి పంపిన మెసేజ్ చూశాను. "నాన్నగారు నిద్రలోనే వెళ్ళిపోయారు అక్కా" అని ఉంది. ఇంకో రెండు సీన్ల ఏడుపు మిగిలి ఉందని లోపలి నుంచి పిలిచారు. వెళ్ళి ఏడ్చి వచ్చాను. అది నా పనే అయినా ఆ పూట నా మీద నాకే చికాకేసింది.

సార్ ఇల్లు అక్కడికి నడిచి వెళ్ళే దూరంలోనే, వెనక సందులో మూడో అంతస్తు. మెట్ల దగ్గరే తెలిసిపోయింది ఆయన లేరని. గుమ్మం ముందు చెప్పులన్నీ ఒకదాని మీద ఒకటి కుప్పగా పడి ఉన్నాయి. సార్ ఉన్నంతకాలం ఆ గుమ్మం ముందు చెప్పులు అలా ఉండలేదు. క్లాసుకొచ్చిన మేం విడిచి లోపలికి రాగానే ఆయన వంగి, మోకాళ్ళు పట్టేస్తున్నా సరే, అందరి చెప్పులూ బయటి వైపుకు తిప్పి వరుసగా పెట్టేవారు. "వెళ్ళేటప్పుడు తొందరలో ఉంటారు కదండీ, మీకు తేలికవుతుంది" అనేవారు. జపాన్‌లో పట్టుకున్న అలవాటు అది. ఆ రోజు నేను లోపలికి వెళ్ళలేక అక్కడే కూర్చుని నలభై జతల దాకా తిప్పాను.

సార్ వాళ్ళమ్మాయి వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. కాసేపయ్యాక మెల్లగా అంది. "అక్కా, ఆదివారం ఎనిమిదింటికి ఆయన ఫోన్ చేస్తారు. నాకేమో మోషి మోషి అని హలో చెప్పడం తప్ప ముక్క రాదు. మీరే చెప్పాలి."

"నాకు మాత్రం ఏం వచ్చు? బాగా వచ్చినోళ్ళనెవరినన్న పిలుద్దాం" అన్నాను.

"బయటివాళ్ళ నోటివెంట వినాలా అక్కా ఆయన?"

ఆయనంటే ఎవరో చెప్పాలి. సార్ విశాఖలో ఓడల పనిలో వెల్డింగ్ సూపర్‌వైజరుగా ఉండేవారు. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో రెండేళ్ళ శిక్షణకని జపాన్ పంపారు. భాష రాదు. ఎనిమిది నెలలు తలూపుతూ గడిపారట. పక్కన పనిచేసే ఒకాయన మాత్రం విసుక్కోకుండా ఇనప రేకు మీద సుద్దముక్కతో బొమ్మ గీసి, దాన్ని జపనీస్‌లో ఏమంటారో చెప్పి, చెరిపి, ఇంకో బొమ్మ గీసేవాడట. వానలో సుద్ద కరిగిపోతే ఇద్దరూ టీ తాగుతూ ఆగేవాళ్ళట. ఇప్పుడు ఆయనకు ఎనభై ఆరేళ్ళు. మెసేజ్‌లు చూడరు. ప్రతి ఆదివారం పొద్దున సార్‌కి ఫోన్ చేస్తారు. ఎన్నో ఏళ్ళుగా తప్పలేదు. ఆ ఇంట్లో అందరూ ఆయన్ని ఆదివారం మావయ్య అంటారు.

ఇక నా సంగతి. నాకు ఏదీ కుదురుగా చేసే అలవాటు లేదు. కారు డ్రైవింగు, మగ్గం పని, యోగా, అన్నీ మొదలుపెట్టినవే, అన్నీ వదిలేసినవే. డబ్బింగులో ఒక జపాన్ కార్టూన్ పిల్లాడికి ఏళ్ళ తరబడి తెలుగు గొంతిచ్చాను. హెడ్‌ఫోన్లలో అసలు గొంతు వినిపిస్తుంటుంది, బొమ్మ పెదాలకు సరిపోయేలా మనం చెప్పాలి. ఆ అసలు గొంతు కూడా నాలాంటి ఆడమనిషిదే. రోజంతా ఆమె నా చెవిలో మాట్లాడుతుంది, ఒక్క మాటా అర్థం కాదు. ఆమె ఏమంటోందో తెలుసుకోవాలనిపించింది. బోరబండలో మా ఇంట్లో ఈ మాట చెబితే అమ్మ నవ్వింది. "గీ వయసుల జపాన్ చదువేందే? ఎన్ని దినాలుంటవో నేను జూడనా?"

సార్ కూడా అదే అడిగారు, కాకపోతే మర్యాదగా. "ఈసారి ఎన్నాళ్ళుంటారండీ?" నేను వదిలేసిన వాటి జాబితా ఆయనకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. పొద్దున్నే ఏడింటికి క్లాసు, ఆయన భోజనాల బల్ల మీద. పాత క్యాలెండరు కాగితాల వెనక అక్షరాలు రాయించేవారు. పెన్సిలు బ్లేడుతోనే చెక్కేవారు. జపాన్‌లో రెండేళ్ళున్న మనిషి కదా, పచ్చ టీ ఇస్తారనుకున్నాను. "ఆ గడ్డి నీళ్ళు నావల్ల కాలేదండీ" అని అల్లం దంచి వేసిన టీ ఇచ్చేవారు. నాతోపాటు చేరిన ఇద్దరు కుర్రాళ్ళు ఏడాదిలో ఉద్యోగాలు చూసుకుని వెళ్ళిపోయారు. నేను మాత్రం మధ్యలో నెలకు పది రోజులు ఎగ్గొడుతూ, మళ్ళీ సిగ్గులేకుండా వస్తూ, నాలుగేళ్ళు వేలాడాను.

మొదటి వారమే ఆయన నా రోగం కనిపెట్టారు. ఏ వాక్యం వినిపించినా నేను అచ్చు దించేస్తాను. స్వరం, విరుపు, ఊపిరి, అన్నీ. పదిమంది జపాన్ వాళ్ళలో నా గొంతు కలిపేస్తే ఎవరూ గుర్తుపట్టలేరు. అర్థం మాత్రం సున్నా. "మీరు చాలా బాగా మాట్లాడుతున్నారండీ. అదే నా భయం" అన్నారు సార్. నేను పొగడ్త అనుకుని మురిసిపోయాను.

ఇంకో రోగం, ఆయన మాట్లాడుతుంటే నేను నోరు మెదపకపోవడం. మా థియేటర్‌లో ఒకరు చెబుతుంటే ఇంకొకరు గాజులు కూడా తీసేసి కూర్చోవాలి. చిన్న శబ్దం వచ్చినా టేకు పాడవుతుంది. సార్ ఏదైనా చెబుతూ మధ్యలో ఆగి "ఉన్నారా?" అని అడిగేవారు. "జపాన్‌లో ఇలా బిగుసుకుపోయి వింటే ఫోన్ కట్టయిందనుకుంటారండీ. చిన్నప్పుడు కథకు ఊఁ కొట్టలేదూ? అలా హై, హై, అంటే అవునవును, అంటూ ఉండాలి." మా అమ్మ కూడా అంతే. తన కష్టాలు చెబుతూ ఒక్క నిమిషం నా నుంచి ఊఁ వినబడకపోతే "ఇంటున్నవా లేదా?" అని గదమాయిస్తుంది. నేను ఆ విద్య నేర్చుకున్నాను. కొంచెం ఎక్కువే నేర్చుకున్నాను.

ఒకసారి మన సినిమాలంటే పడిచచ్చే జపాన్ అభిమానులు కొందరు వచ్చారు. జూబ్లీహిల్స్‌లో ఒక ప్రొడక్షన్ ఆఫీసులో వాళ్ళకు భోజనాలు పెట్టారు. స్వాగతం చెప్పడానికి నన్ను పిలిచారు. సార్ దగ్గర నాలుగు వాక్యాలు రాయించుకుని, రాత్రికి రాత్రి బట్టీపట్టి, ఆ కార్టూన్ ఆవిడ గొంతుతో గడగడా అప్పజెప్పాను. చప్పట్లు మోగిపోయాయి. ఒక పెద్దావిడ ఆనందం పట్టలేక నా దగ్గరకొచ్చి ఏదో అడగడం మొదలుపెట్టింది. గిన్నెలో పనీరు కూర చూపించి మళ్ళీ అడిగింది. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. నవ్వుతూ "హై, హై" అన్నాను. ఆవిడ సంతోషంగా తింది. పది నిమిషాల్లో పెదాలు వాచిపోయి ఒకటే దగ్గు. జీడిపప్పు పడదట. కూరలో లేదు కదా అనే ఆవిడ నన్ను అడిగింది. మాత్రలు బ్యాగులోనే ఉన్నాయి కాబట్టి సాయంత్రానికి తేరుకుంది. పైగా నా చెయ్యి పట్టుకుని తనే నన్ను ఓదార్చింది. ఆ ఓదార్పూ నాకు అర్థం కాలేదు.

మర్నాడు సార్ ముందు కూర్చుని ఏడ్చాను. ఇది పనికోసం ఏడ్చిన ఏడుపు కాదు. చదువు మానేస్తానన్నాను. అప్పుడే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. "గ్యాస్ బండ వస్తే తీస్కో అమ్మా. నేను గీడ క్లాసుల ఉన్న. జర ఆగు, వచ్చినంక మాట్లాడుత" అని పెట్టేశాను. సార్ కళ్ళజోడు తీసి నన్ను చూశారు. అప్పటిదాకా ఆయనతో నేను సినిమా తెలుగే మాట్లాడేదాన్ని మరి.

"ఈవిడెవరండీ? ఇన్నాళ్ళూ ఈవిడని గుమ్మం బయట కూర్చోబెట్టి వస్తున్నారా?" అన్నారు. "రేపటి నుంచి ఈవిడని పంపండి. ఈవిడ గొంతుతో, తప్పులతో మాట్లాడమనండి. తప్పుగా మాట్లాడితే ఎదుటివాళ్ళు మనకోసం నెమ్మదిస్తారండీ. నన్ను బతికించింది అదే. ముందు రాదని చెప్పండి. చెప్పాక ఎంతసేపు ఊఁ కొట్టినా పరవాలేదు. చెప్పకుండా కొట్టారు చూడండి, అదీ తప్పు."

మర్నాటి నుంచి నా జపనీస్ ఘోరంగా తయారైంది. సార్ మాత్రం తెగ సంబరపడ్డారు.

ఇంత తెలిసిన దాన్ని, గురువారం నుంచి శనివారం దాకా ఏం చేశానో చెబితే నవ్వుతారు. కాళ్ళు ఒకచోట నిలవలేదు. కూరగాయలకని ఎర్రగడ్డ వెళ్ళి ఖాళీ సంచితో తిరిగొచ్చాను. ఫోన్‌లో అనువాదం చేసే యాప్ తెరిచి, "మా గురువుగారు స్వర్గస్థులయ్యారని తెలియజేయడానికి చింతిస్తున్నాను" అని తెలుగులో కొట్టాను. అది జపనీస్‌లో చదివి వినిపించింది. చెవిలో పెట్టుకుని వంద సార్లు విన్నాను. శనివారం సాయంత్రానికి ఎక్కడా తడబాటు లేకుండా వచ్చేసింది. అమ్మ వంటింట్లోంచి విని "రేడియోల వార్తలు చదివినట్టే ఉన్నది" అంది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అయినా వదల్లేదు. చదువు రాని పిల్ల పరీక్షకు చీటీ పట్టుకెళ్ళినట్టు, ఆ వాక్యం తెలుగు అక్షరాల్లో రాసుకుని జాకెట్‌లో దోపుకున్నాను.

ఆదివారం ఏడున్నరకే వెళ్ళి కూర్చున్నాను. సార్ వాళ్ళమ్మాయి అల్లం టీ పెట్టింది. బల్ల మీద సార్ ఫోన్, పక్కన ఆయన చెక్కిన పెన్సిళ్ళు. నేను రెండుసార్లు లేచి గుమ్మం దాకా వెళ్ళొచ్చాను. రెండోసారి చూస్తే నా చెప్పులు బయటి వైపుకు తిరిగి ఉన్నాయి. ఆ పిల్ల తిప్పింది. పారిపోవడానికి తేలికే అనుకున్నాను, కానీ మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

ఎనిమిదింటికి మోగింది. సార్‌కి చెవులు సరిగ్గా వినబడేవి కావు కాబట్టి అది ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. నేను ఎత్తగానే ఆదివారం మావయ్య "మోషి మోషి" అని, సార్‌ని పేరు పెట్టి పిలిచి, ఏదో హాస్యమాడారు కాబోలు, ఆయనే గట్టిగా నవ్వారు. ఆ నవ్వు విన్నాక వార్తలు చదివే గొంతు నాలోంచి రానంది. చీటీ తీయలేదు.

నా గొంతుతోనే, వచ్చిన నాలుగు మాటలతో, ఒక్కొక్కటే చెప్పాను. నేను సార్ దగ్గర చదువుకుంటున్నాను. నాకు జపనీస్ సరిగ్గా రాదు. దయచేసి మెల్లగా మాట్లాడండి. ప్రతి వాక్యానికీ అటు నుంచి "హై" అని వస్తోంది. సార్, అన్నాను. హై. గురువారం, అన్నాను. హై. చనిపోయారు, అన్నాను.

హై రాలేదు.

మా పనిలో అంత ఖాళీ వస్తే ఎవరో మాట మరిచిపోయారని అర్థం, వెంటనే ఏదో ఒకటి నింపాలి. నా నాలుక కొసదాకా వచ్చిన మాటలన్నీ మింగేసి కూర్చున్నాను. ఫోన్‌లో ఆయన ఊపిరి వినబడుతోంది. చాలాసేపటికి ఆయన మాట్లాడటం మొదలుపెట్టారు. మెల్లగా, రెండు మాటలకోసారి ఆగుతూ, రేకు మీద బొమ్మ గీసి చూపిస్తున్నట్టు. ఓడ అన్నారు. వాన అన్నారు. సుద్దముక్క అన్నారు. మధ్యలో తెలియనిచోట తెలియలేదన్నాను, ఆయన ఇంకోలా చెప్పారు. ఆయన ఆగిన ప్రతిచోటా నేను హై అనాలి. నాకు ఆ మాట తట్టనే లేదు. మా అమ్మ ముందు కొట్టినట్టు "ఊఁ" అన్నాను.

ఆయన ఒక్క క్షణం ఆగారు. సార్ నోటివెంట ఎన్నిసార్లు విని ఉంటారో ఆ ఊఁ. మళ్ళీ అందుకున్నారు.

ఊఁ, అన్నాను. ఆ తర్వాతది బయటికి రాలేదు. అప్పుడు, ఒక్క మాటా అర్థం కాని సార్ వాళ్ళమ్మాయి కొంగుతో ముక్కు తుడుచుకుని, ఫోన్ దగ్గరకు వంగి, "ఊఁ" అంది.