పత్తికట్టెలతో నేర్చిన కోలాటం

మొన్న శ్రీరామనవమికి మా వీధిలో ఆడవాళ్ళు కోలాటం వేస్తుంటే అరుగు మీద కూర్చుని చూశాను. అందరివీ ఒకే రంగు చీరలు, చేతుల్లో మెరుపు కాగితం చుట్టిన ప్లాస్టిక్ కర్రలు, పక్కన పెద్ద స్పీకరు బాక్సు. బాగానే వేశారు, వంక పెట్టడానికేమీ లేదు. కానీ ఒళ్ళో ఉన్న నా వేళ్ళు వాటంతటవే ఒకటి, రెండు, మూడు అని లెక్క మొదలుపెట్టాయి. వాటికి ఎనిమిది దాకా వెళ్ళనిదే ఆగే అలవాటు లేదు. ఆ అలవాటు ఎలా వచ్చిందో చెబితే నా ఈడువాళ్ళలో కొందరికైనా తమ కర్రలు గుర్తుకొస్తాయి.

ఎనభైల్లో మాట. అద్దంకి దగ్గర పల్లెకు నేను కోడలిగా వచ్చిన మొదటి మిరపకాయ కోతల కాలం. అత్తగారింట్లో నాకు నోరు పెగిలేది ఒక్క ఆడపడుచు దగ్గరే. నీళ్ళకైనా ఆ పిల్ల వెంటే, చేలో అన్నం మూట విప్పినా ఆ పిల్ల పక్కనే. తోడికోడలు పలకరిస్తే తల ఊపి ఊరుకునేదాన్ని. అది బెరుకని ఎవరికి తెలుస్తుంది, కొత్తకోడలికి పొగరన్నారు. ఆ ఆడపడుచుకేమో దర్శి వైపు సంబంధం కుదిరింది, వైశాఖంలో పెళ్ళి. ఆ తర్వాత ఈ ఊళ్ళో నేనెవరితో మాట్లాడాలా అని కాయ కోస్తూ కోస్తూ దిగులు పడేదాన్ని.

ఆ ఏడు మా పెదమామయ్య, అంటే మా మామగారి అన్నగారు, ఆడవాళ్ళకు కోలాటం నేర్పుతానని పూనుకున్నాడు. లోపల ఎనిమిదిమంది, బయట ఎనిమిదిమంది, ఎదురెదురుగా రెండు వరసల గుండ్రం. పదహారో మనిషి కాన్పుకని పుట్టింటికి వెళ్ళిపోతే, ఆ ఖాళీలో నన్ను నిలబెట్టింది మా ఆడపడుచే. నవమికి ఇంకా పది రోజులుంది. పదహారో మనిషి లేకపోతే జత మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు గాలిని కొట్టాల్సిందే, అలాంటప్పుడు అసలు వెయ్యొద్దు అన్నాడు పెదమామయ్య.

సాయంత్రం చేల నుంచి వచ్చి, చేతుల మంటకి ఇంత మజ్జిగ రాసుకుని, కాయ ఎండబోసిన కల్లంలో ఓ మూల ఊడ్చి నిలబడేవాళ్ళం. ఎండుకాయ ఘాటుకి పాటకంటే దగ్గులే ఎక్కువ వినబడేవి. కొత్తవాళ్ళకు తుమ్మకర్రలు ఇచ్చేవాడు కాదు పెదమామయ్య. దెబ్బ తప్పితే ఎదుటివాళ్ళ వేలు పోతుందని, పీకి ఆరబెట్టిన పత్తికట్టెలు జానెడున్నర విరిచి ఇచ్చేవాడు. తప్పు పడితే వేలు మిగిలేది, కట్టె విరిగేది. మొదటి సాయంత్రం నేను విరిచినవి చూసి మా అత్తగారు, "బావగారూ, రోజూ ఇట్టాగే నేర్పించండి, పొయ్యిలోకి పుల్లల కరువుండదు" అంటే కల్లమంతా ఒకటే నవ్వు.

దెబ్బ రెండో రోజుకే కుదిరింది. కుదరనిది మార్పు. పెదమామయ్య తాళం ఆపకుండా "ఉద్ది మారండి!" అని కేకేస్తే, ఉద్ది అంటే మన ఎదుటి జత, ఆ జతని వదిలి బయటివాళ్ళు కుడివైపుకి ఒకడుగు జరగాలి. నా కాళ్ళు కదిలేవి కావు. మిరపచేలో మేం నేర్చుకున్న పద్ధతి వేరు కదా, జతగా పక్కపక్క సాళ్ళు పట్టుకుంటే చివరిదాకా ఆ మనిషితోనే పోవాలి, ముందైనవాళ్ళు వెనక్కొచ్చి రెండోవాళ్ళ సాలు కూడా కోసిపెట్టాలి, మధ్యలో ఇంకొకళ్ళ సాల్లోకి పోవడమంటే తగువే. ఆ పద్ధతి కాళ్ళలో పాతుకుపోయి, కేక వినబడ్డా నేను ఆడపడుచు ఎదుటే నిలబడేదాన్ని, వెనకామె వచ్చి నన్ను గుద్దుకునేది.

"ఏమ్మాయ్, ఇది మిరప సాలు కాదు, కదులు!" అని పెదమామయ్య అరిచీ అరిచీ, నవమి ఇక రెండు రోజులుందనగా, ఈ పూట కూడా మారకపోతే ఈ ఏడాదికి కోలాటం లేదని తేల్చేశాడు. పద్నాలుగుమంది నా వంకే చూశారు. ఆడపడుచు మాత్రం నేల చూసింది.

మళ్ళీ తాళం మొదలైంది. నాలుగు దెబ్బలు పడ్డాయి, కేక వచ్చింది, నేను అలవాటుగా మళ్ళీ ఆ పిల్ల వైపే కట్టె ఎత్తాను. ఆ పిల్ల చేతులు దించేసింది. నా కట్టె గాల్లోకి పోయి, తూలి, పడకుండా ఒకడుగు కుడికి వేశాను. చూస్తే ఎదురుగా తోడికోడలు, కర్రలు ఎత్తి పట్టుకుని ఉంది.

"రా చెల్లీ, నా కర్రేం కరవదులే."

కొట్టాను. మళ్ళీ కేక, మళ్ళీ అడుగు. పక్కింటి పిన్నత్త, ఆవిడ పక్కన వాళ్ళ పెద్దకోడలు, ఇంతకాలం చేలో వీపులే తప్ప మొహాలు సరిగ్గా చూడనివాళ్ళు ఒక్కొక్కళ్ళే ఎదురొచ్చారు. ఒకామె నవ్వింది, ఒకామె దగ్గింది, ఒకామె "గట్టిగా కొట్టవే, అన్నం తిన్లా?" అంది. ఎనిమిదో మార్పుకి తలెత్తితే మళ్ళీ ఆడపడుచు, కళ్ళ నిండా నీళ్ళు, మిరప ఘాటుకో మరి దేనికో.

"ఊరంతా తిరిగొచ్చావా వదినా?" అంది.

పెదమామయ్య నా చేతిలో పత్తికట్టెలు లాక్కుని తుమ్మకర్రలు పెట్టాడు. నవమినాడు పదహారుమందిమీ వేశాం. వైశాఖంలో ఆ పిల్ల దర్శి వెళ్ళిపోయింది. ఆ మర్నాడు తోడికోడలు బిందె తీసుకుని మా గుమ్మంలో నిలబడి, నీళ్ళకి వస్తున్నావా లేదా అని అడిగింది.

మొన్నటి కోలాటంలో ఎవరూ ఎవరికీ ఎదురు నిలబడలేదు. అందరూ వరసగా వీడియో తీస్తున్న ఫోను వైపు తిరిగి, ఎవరి రెండు కర్రలు వాళ్ళే కొట్టుకున్నారు. అట్లా అయితే తప్పు పడే భయం లేదు, నేర్చుకోవడమూ తేలికే. చివరి వరసలో కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి ఒకతి ఒక్క దెబ్బ తప్పకుండా వేసింది. అయిపోయాక కర్రలు సంచిలో పెట్టుకుని, ఎవరితోనూ ఒక్క మాట లేకుండా వెళ్ళిపోయింది. ఆ పిల్లకి ఎనిమిది మార్పులూ తిప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే బాగుండేదనిపించింది.