చవుడు పట్టిన పింగాణీ గిన్నెలు

మొన్న విడపనకల్లు దారిలో బస్సు కాసేపు ఆగినప్పుడు, స్తంభాల మీద, తీగల్లోని కరెంటు కిందికి దిగకుండా ఆపే పాత పింగాణీ గిన్నెలను దించి రబ్బరువి బిగిస్తున్న కుర్రాళ్లు కనిపించారు. దించినవాటిలో ఒకదాన్ని అడిగి తీసుకుని, పాత అలవాటు కొద్దీ వేలితో రుద్ది చూశాను.

అరవయ్యో దశకం మొదట్లో నేను ఆ లైను మీదే వైర్‌మన్‌ని. వానలు మొహం చాటేసిన ఒక చలికాలంలో, రోజూ తెల్లవారి మంచు పడే వేళకు లైను పడిపోయేది, అంటే కరెంటు ఆగిపోయేది; ఎండెక్కితే మళ్లీ నిలబడేది. సరిగ్గా ఆ వేళకే, మేమంతా మామా అని పిలిచే గొర్రెల కాపరి వడిసెల పట్టుకుని మందను స్తంభాల కిందుగా తోలుకుపోయేవాడు. రాళ్లు విసిరి గిన్నెలు పగలగొడుతున్నాడేమోనని మా లైన్ ఇన్‌స్పెక్టరు చెవిన వేసింది నేనే. రెండు రోజులు తుమ్మచెట్ల చాటున కూర్చుని ఆయన చేతినే కనిపెట్టి చూశాను. దారి తప్పిన గొర్రె వైపు రాయి విసిరినా నాకు అనుమానమే.

మూడోనాడు పోలీసులకు అప్పగిస్తానని ఇన్‌స్పెక్టరు కేకలేస్తే, మామ నా వైపు చూశాడు.

“ఏమప్పా, నేను ఠాణాలో కూకుంటే ఇన్ని గొర్రెల్ని ఎవురు చూస్తారు? ఎక్కి చూడు. పగిలింది ఒక్కటుంటే నేనే వస్తా.”

లైను ఆపించి ఎక్కాను. ఒక్క పెంకూ లేవలేదు. గిన్నె అంచు మీద మాత్రం మెలికలు తిరిగిన సన్నటి నల్లటి కాలిన గీత, దాని చుట్టూ తెల్లటి పొడి. నాలుకకు తగిలిస్తే ఉప్పన. ఎండిన చెరువులోంచి గాలికి లేచిన చవుడు అది. పట్టణం గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని చదివిన ఇంగ్లీషు పుస్తకంలోని ముక్క అప్పుడు గుర్తొచ్చింది: పొడిగా ఉన్నంతవరకు ఉప్పు ఏమీ చేయదు, తేమ తగిలితే కరెంటుకు దారి ఇస్తుంది. తెల్ల గిన్నె మీద తెల్ల పొడి కావడంతో కిందనుంచి చూస్తే కడిగినట్టే ఉండేది. నిజంగా కడగవలసిన వాన రాలేదు.

గిన్నెలన్నీ తడిగుడ్డతో తుడిచాక మర్నాటి మంచులోనూ లైను నిలబడింది, ఇన్‌స్పెక్టరు పోలీసుల మాట మళ్లీ ఎత్తలేదు. నేను మాత్రం నా చదువంతా మామకు వివరించబోయాను.

“చదువుకున్నోడివి, ముందే ఎక్కి చూసింటే అయిపోతాండె కదప్పా” అన్నాడాయన.

ఆ తర్వాత నేను కనబడితే చాలు, వడిసెల భుజాన వేసుకుని, ఖాళీ చేతులు రెండూ పైకెత్తి చూపించి పోయేవాడు. నవ్వుతున్నాడో లేదో అంత దూరానికి తెలిసేది కాదు.

రబ్బరు గిన్నెలకు దుమ్ము బాధ తక్కువని కుర్రాళ్లు చెప్పారు. ఎండకు అవీ పాడవుతాయని చదివాను గనుక నేను పూర్తిగా నమ్మలేదు. బస్సు కదిలింది. ఆ దారిన ఇప్పుడు మందలు పోవడం లేదు. అయినా స్తంభాలు కనుమరుగయ్యేదాకా, వాటి కింద చేతులెత్తే మనిషి కోసం చూస్తూనే ఉన్నాను.